ఉడికిన దుంపల కరెంటు

మా చిన్నప్పుడు బంగాళాదుంప మా ఇంటికి చుట్టాలతో పాటే వచ్చేది... మిరప, పత్తి తప్ప ఇంకేం పెద్దగా పండని ఊరు మాది. దుంపలు కావాలంటే నాన్న అద్దంకి వెళ్లి తేవాలి. అలాంటిది ఒకరోజు చుట్టాలెవరూ రాకుండానే, నా కోసమని ఆరు దుంపలు కండువాలో మూటగట్టి తెచ్చాడు.

అప్పుడు నాది ఏడో తరగతి. మా ఊరి బడి అక్కడితో ఆఖరు.

ఆ వారమే మా సైన్సు మాస్టారు నాలుగు పచ్చి దుంపలకి మేకులూ రాగి తీగలూ గుచ్చి, చిన్న ఎర్ర లైటు వెలిగించి చూపించారు. వెలిగిందంటే వెలిగింది... కళ్లు చికిలించి చూస్తే. తలా ఒకటి చేసి తెమ్మన్నారు. బాగున్నదాన్ని అద్దంకిలో ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తామన్నారు.

నాన్నకి చదువు రాదు. నాకు వస్తుందో రాదో తెలుసుకోవడానికి ఆయన దగ్గరున్న కొలత మాస్టారి మాట ఒక్కటే. "మాస్టారు నిన్ను అద్దంకి తీసుకెళ్తే ఎనిమిదిలో అక్కడే చేరుదువుగాని. లేదంటే అమ్మతో పాటు మిరపకోతకి పో" అన్నాడు.

నేను ఎంత కష్టపడ్డానో... కాలిపోయిన బోరు మోటారులోంచి తీసిన రాగి తీగ అడిగి తెచ్చుకున్నా. దాని మీది పూత బ్లేడుతో గీకి గీకి వేలు కోసుకున్నా. రేకుల షెడ్డుకి కొట్టే తెల్ల మేకులు ఏరుకున్నా. పాడైపోయిన బొమ్మ కారులోంచి లైటు పీకా.

తెల్లారి లేచేసరికి అమ్మ ఆరు దుంపల్నీ ఉడకేసింది.

ఆవిడకి మాత్రం ఏం తెలుసు... ఇంట్లో దుంపలు కనిపించాయి, కూర చేద్దామనుకుంది. నేను పొయ్యి ముందే కూలబడిపోయా. అమ్మ ముఖం పాలిపోయింది. "పోనీ వీటికే గుచ్చి చూడవే" అంది, వేరే దారి లేక.

గుచ్చా. పగటి వెలుతురులో తెలియదని, మిరపకాయల గంప బోర్లించి, లైటు దాని కింద పెట్టి, ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని చూశాం. గంప లోపలంతా ఎర్రగా ఉంది! మాస్టారిది మిణుగురైతే నాది దీపం. అమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

బడికి తీసుకెళ్లా. మాస్టారు ఒక దుంప పట్టుకుని లేపారు. తొక్క ఆయన చేతిలోకి ఊడి వచ్చింది. క్లాసంతా నవ్వింది.

"ఇది కరెంటుకి తెచ్చావా, కూరకి తెచ్చావా?" అన్నారు.

నాకు అసలే నోరు తక్కువ. అయినా అన్నా... "ఇవే ఎక్కువ వెలుగుతున్నాయండీ" అని.

"పుస్తకంలో పచ్చి దుంప అని ఉంటే నీకు ఉడికింది ఎక్కువ వెలుగుతుందా? వెళ్లి కూర్చో."

ఆయన పచ్చి దుంపలు ఆ బల్ల మీదే ఉన్నాయి. పక్కన నావి పెట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. పన్నెండేళ్ల పిల్ల చెప్పింది నిజమో కాదో తెలియడానికి తల కాస్త వంచితే చాలు. ఆయన వంచలేదు. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది... మేకులు పీకేసి, దుంపలు కిటికీలోంచి బయట పారేశారు.

ఇంతకీ అద్దంకి ఎగ్జిబిషన్‌కి ఏం వెళ్లిందో తెలుసా? థర్మోకోల్ తాజ్‌మహల్. దానికీ సైన్సుకీ ఏం సంబంధమో నాకు ఈరోజుకీ తెలియదు.

టీ కొట్టు దగ్గర నాన్న అడిగితే మాస్టారు, "చెప్పింది చెప్పినట్టు చెయ్యదండీ మీ అమ్మాయి, దానికి వంటిల్లే నయం" అన్నారట. నాన్న ఇంకో మాట అడగలేదు. ఎండాకాలం సెలవులకి ముందే నేను కోతలో ఉన్నా. మిరప కోసిన చేత్తో కళ్లు తుడుచుకోకూడదని మొదటి రోజే తెలిసింది.

నాన్న మీద నాకు కోపం లేదు. నా బాధంతా అమ్మ గురించే. చుట్టాలొచ్చినప్పుడల్లా, దుంపలు కడిగినప్పుడల్లా ఆవిడది ఒకటే మాట... "నా చేత్తోనే దీని చదువు ఉడకేశాను." ఇన్నేళ్లూ ఆ మాట మోసింది.

మొన్న మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నా. పక్కన మా ఆయన ఫోన్‌లో ఏదో వీడియో నడుస్తోంది. పచ్చి దుంప కంటే ఉడికించిన దుంపకే కరెంటు బాగా వస్తుందని చెబుతున్నారు అందులో. చేతిలో కాయలు అక్కడే వదిలేశా. మళ్లీ పెట్టండన్నా. మూడుసార్లు పెట్టించా.

"దుంపల మీద అంత మోజేంటే?" అని నవ్వారాయన.

ఆ సాయంత్రం నాలుగు దుంపలు ఉడకేసి, మేకులు గుచ్చి, గంప బోర్లించి చూపించా. ఆయన కూడా నేల మీద బోర్లా పడుకుని చూశారు. తర్వాత నవ్వలేదు.

అమ్మకి ఫోన్ చేశా. "అమ్మా, నువ్వు ఉడకేయడమే మంచిదైందట. వాటికే వెలుగు ఎక్కువట. మనం చూసింది నిజమే" అన్నా.

అమ్మ మెల్లగా, "మరి ఆ మాస్టారికి ఎవరు చెబుతారే?" అంది.

అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఇప్పటి పిల్లలు అనుమానం వస్తే ఫోన్ తీసి చూసుకుంటున్నారు... మాకు అప్పుడు మాస్టారి నోరే పుస్తకం. ఆ నోరు కాదంటే కళ్లెదుట వెలిగే దీపం కూడా కాకుండా పోయేది. మీ చిన్నప్పుడూ నిజం చెప్పి, "వెళ్లి కూర్చో" అనిపించుకున్న రోజు ఉంటే రాయండి... ఇన్నాళ్లూ కూర్చునే ఉన్నాం కదా.