సూరి గేమ్‌లో ఐదో ఏడు

నిన్న పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. మా చెల్లెలి కొడుకు రామచంద్ర.

"పెద్దమ్మా, సూరి పోయినాడు."

"ఏ సూరి?" అన్నాను.

మాకున్నది ఒక్క సూరే. వాడి కొడుకు. అయినా అలా అడిగాను. ఇంకో సూరి ఎవరైనా ఉండకపోతాడా అని కాబోలు.

మూడు రోజుల జ్వరం. కళ్యాణదుర్గంలో తగ్గలేదని బెంగళూరుకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. ఇరవై ఆరేళ్ళు.

"దుడ్లుండాయి, కారుండాది, పెద్దాస్పత్రి ఉండాది. బెంగళూరు దావే తెగలేదు పెద్దమ్మా" అన్నాడు రామచంద్ర.

 

ఇది చదివేవాళ్ళలో సగం మందికి సూరి అంటే కళ్యాణదుర్గం బస్టాండ్ దగ్గర కంప్యూటర్ సెంటర్ పిల్లాడు. హాల్ టికెట్లు, రిజల్ట్స్, ప్రింటవుట్లు. రిటైరయ్యాక నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది వాడే. ఈ పోస్టు పెడుతున్న అకౌంట్ తెరిచిచ్చిందీ వాడే. ఫోటో మాత్రం ఉన్నవాటిలో చెడ్డది ఏరి పెట్టాడు.

కింద RIP అని మూడక్షరాలు కొట్టి పోకండి. వాడి గురించి తెలిసింది ఒక్క ముక్కైనా రాయండి.

నాకు తెలిసింది వాడి గేమ్.

కత్తులు, డ్రాగన్లు ఉండే ఒక విదేశీ గేమ్ అంటే వాడికి పిచ్చి. అభిమానులు దాన్ని విప్పి తమకు నచ్చిన కథ పెట్టుకోవచ్చట. వీడు మూడేళ్ళు కూర్చుని అందులో మన సీమను పెట్టాడు.

అదే కత్తి, అదే వీరుడు. కాకపోతే ఆ వీరుడికి ఐదెకరాల మెట్ట, నాలుగు మేకలు. రాక్షసుల్ని చంపితే బంగారు నాణేలు వస్తాయి. అక్కడిదాకా మామూలే. ఆ నాణేలతో వేరుశనగ విత్తనం కొనాలి, మేత కొనాలి, వడ్డీ కట్టాలి, కత్తికి సాన పట్టించాలి. ఐదేళ్ళు భూమి పోగొట్టుకోకుండా నిలబడితే గెలిచినట్టు.

ఎవరూ గెలవలేదు.

రాక్షసుల వల్ల కాదు. బోరు వల్ల.

రెండో ఏడు వాన రాదు. అప్పుడొకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనులో నడుస్తూ వస్తాడు. ఒక చోట కాయ నిలువుగా లేస్తుంది. ఇక్కడ నీళ్ళున్నాయి, బోరు వేయాలా అని స్క్రీన్ అడుగుతుంది. వేస్తే దుమ్ము. మళ్ళీ కాయ లేస్తుంది, మళ్ళీ అడుగుతుంది.

సెంటర్‌కు వచ్చే ప్రతివాడూ టకటకా నొక్కేవాడే. ఇంట్లో బోర్లకే భూములు పోయినవాళ్ళు ఇంకా గట్టిగా నొక్కేవాళ్ళు.

నలభై ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, నేను మొదటిసారి ఏడు బోర్లు వేశాను.

"ఏమవ్వా, లెక్కల టీచరువి గదా! ఏడేసినావే?"

"కాయ లేచింది కదరా!"

"అది ఎప్పుడు లేస్తాదో చూసినావా? నీ సంచిలో దుడ్లున్నప్పుడు లేస్తాది. నేను రాసింది అంతే."

తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక రెండూ చేశాను.

ఒకసారి రామచంద్ర వచ్చి మా వెనక నిలబడి చూశాడు. సొంత చేనులో తొమ్మిది బోర్లు వేయించి, మూడెకరాలు అమ్ముకున్న మనిషి.  "ఈయప్పకు మీసం చాల్లేదురా. మనూరికొచ్చినాయనకు ఇంకా పెద్దది" అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

సూరి ఆ సాయంత్రమే గేమ్‌లో టెంకాయ ఆయనకు మీసం పెంచాడు.

వాడి కోరిక ఒక్కటే. ఎవరైనా ఒక్కరు, ఒక్క బోరూ వేయకుండా ఐదేళ్ళు దాటాలి. నేను దాటి చూపిస్తానని మాటిచ్చాను.

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు.

"ఎన్నో ఏట ఉండావవ్వా?"

"ఐదు."

"బోరేసినావా?"

"లేదు."

అబద్ధం. నాలుగో ఏటే మూడు బోర్లు వేసి భూమి పోగొట్టుకుని కూర్చున్నాను. వచ్చే ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ఆలోపు మళ్ళీ ఆడి సరిచేద్దాంలే అనుకున్నాను. వారం రోజులుంది కదా.

నిన్న మట్టి వేసి వస్తుంటే సెంటర్లో వాడితో పనిచేసే స్నేహితుడొకడు నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరు గెలుస్తాండారంట గదా అవ్వా. అందరికీ చెప్పుకున్నాడు."



ఈ రోజు పొద్దున కంప్యూటర్ పెట్టాను. నాలుగో ఏడు మొదట్లో సేవ్ చేసింది ఉంది. అప్పటికి ఒక్క బోరూ వేయలేదు. అక్కడినుంచి ఆడాను. ఇది మోసమైతే వాడే వచ్చి తిట్టాలి.

వీరుడి కత్తి అమ్మేశాను. సంచిలో డబ్బు పడగానే కాయ లేచింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. మీసమాయన నా వైపే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి వెళ్ళిపోయాడు. అప్పుడు చేతులు బయటికి తీసి మేకలకు మేత, చేనుకు కొర్రలు కొన్నాను.

ఐదో ఏడు దాటింది.

బాణసంచా ఏదో ఉంటుందనుకున్నాను. నల్లటి స్క్రీన్ మీద రెండు లైన్లు వచ్చాయి.

"ఈడిదాకా ఎవురన్నా వస్తారనుకోలేదు. వచ్చినోళ్ళు నాకు ఫోన్ చేయండి. యెట్ల దాటినారో చెప్తే మిగతా కథ రాస్తా."

కింద వాడి నంబర్.

చేశాను.

రామచంద్ర ఎత్తాడు. "ఏం పెద్దమ్మా?"

"ఏం లేదు నాయనా. అన్నం తిన్నావా?" అని పెట్టేశాను.

సూరీ, బోరు వేయలేదురా. ఈసారి నిజం.

నువ్వున్న చోట వాన ఎవరి సంచీ చూడకుండా కురవాలి. నెమ్మదిగా పడుకో నాయనా.