రెండడుగుల నేల

హద్దురాయిని జరిపింది ఎవరో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

మొన్న అపార్ట్‌మెంటు కోసం ఖాజాగూడలోని మా ఇంటి ప్రహరీ కూల్చినప్పుడు తడిమట్టి వాసన వచ్చింది. బ్రోచర్లో ఈ చోటుని ‘ప్రకృతి ఒడి’ అన్నారు. చెరువు కనబడాలని కోట్లు పోసి, దాని కంపుకి కిటికీలు మూసుకునే జనానికి ఆ మాట చాలు.

మేమూ ఆ జాతే. అప్పట్లో ఆదివారాలు పులిహోర కట్టుకుని, స్కూటరు మీద ప్లాటు చూసుకోవడానికి వచ్చేవాళ్ళం. “ఇంకో రెండడుగులుంటే కారు షెడ్డు పడేది,” అని నాన్న నిట్టూర్చేవారు. కారు లేదు, షెడ్డు బెంగ మాత్రం ఉంది. రాయి జరిపితే మా నేల పెరుగుతుందని నా పన్నెండేళ్ళ బుర్రకి తోచింది. వానకి వదులైన రాయిని పెకలించి, పక్కనున్న మల్లయ్య చేనులో రెండడుగులు లోపలికి పాతాను.

మరుసటి ఆదివారం మల్లయ్య వచ్చాడు. “హద్దురాయి జరిగింది సారూ, జర చూడున్రి.”

“మేం చదువుకున్నవాళ్ళమయ్యా! రాళ్ళు జరిపే బుద్ధులు మీవి,” అన్నారు నాన్న, నలుగురిలో.

నేను ఇంకో ముద్ద పులిహోర నోట్లో పెట్టుకున్నాను. ప్రహరీ అక్కడే లేచింది. ఆ రెండడుగుల్లో మేం పెట్టుకున్నది చెప్పుల స్టాండు. మల్లయ్యకి మాత్రం ఊళ్ళో అబద్ధాలకోరని పేరు పడింది.

నిన్న ఆయన ఇంటికి వెళ్ళాను. “రాయి జరిపింది నేనే, మల్లయ్య గారూ. క్షమించండి.”

“గట్టిగ చెప్పు బిడ్డా. నా పెండ్లాం గూడ నన్ను నమ్మలే. ఆమె ఇనాలె.”

వంటింటి వైపు తిరిగి, మళ్ళీ గట్టిగా చెప్పాను.