‘రేపు’ అనడం నేర్చుకున్న బారీ

మరిపెడలో కాలిపోయిన మోటర్లకు మళ్లీ రాగి తీగ చుట్టే అబ్దుల్ బారీకి ‘కాదు’ అనే మాట నోట రాదని చుట్టుపక్కల తండాల దాకా తెలుసు. యాభై దాటిన మనిషి. ఎవరు మోటరు మోసుకొచ్చినా, “పెట్టిపో అన్నా, పొద్దుగూకే యాళ్లకు ఇస్త” అనేవాడు. మిర్చి తోటలకు ఆఖరి తడులు పెట్టే రోజుల్లో షాపు ముందు అడుగు పెట్టడానికి సందుండేది కాదు. ప్రతి రైతూ తన తోటే ఎండిపోతోందని చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. బారీ ఆ తోటలన్నిటినీ తన నెత్తిన పెట్టుకునేవాడు. అన్నం ముందు కూర్చున్నా ఫోను మోగితే ముద్ద వదిలేసి లేచేవాడు. భార్య జహీరా బేగం ఏమైనా అంటే కసిరేవాడు. రైతుల మీద చూపలేని విసుగంతా ఇంట్లో కక్కేవాడు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం మోటరు విప్పుతుండగా అతని గుండె దడదడా కొట్టుకుంది. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ఊపిరి గొంతు దాకా వచ్చి ఆగిపోతున్నట్టైంది. చేతిలోంచి పానా జారిపోయింది. గోడకు చేరగిలబడి, ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. అప్పుడే మోటరు కోసమని వచ్చిన సోమనర్సయ్య అతణ్ని చూసి ఆటోలో వేసుకుని మానుకోట దవాఖానకు తీసుకుపోయాడు. వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో చదివినవాళ్లు.

పరీక్షలు చేసిన డాక్టరు, గుండెకేం కాలేదని చెప్పి, మనసు సంగతులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. బారీ మొహం నల్లబడింది.

“నాకేమన్న పిచ్చి లేసిందా అమ్మా?”

“పిచ్చి కాదు. భయం, పరేషాన్ లోపలనే పేరుకపోతే ఒళ్లు గిట్లనే మొత్తుకుంటది. ఊరికెనే ఎప్పుడు కూసున్నరు మీరు?” అని ఆమె అడిగింది.

బారీ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. “పండుగ నాడు” అన్నాడు. వెంటనే తల దించుకుని, “ఆ దినం గూడ ఒకరి మోటరు చూసిన” అన్నాడు.

ఆమె అతనికి ఊపిరి ముక్కుతో మెల్లగా తీసుకుని, అంతకంటే మెల్లగా వదలడం నేర్పింది. పనికి ఒక వేళ పెట్టుకోమంది. ఒకప్పుడు ఇష్టపడి చేసి, తర్వాత వదిలేసిన దాన్ని మళ్లీ పట్టుకోమంది. కొన్నాళ్లకు తిరిగి రమ్మంది.

తిరుగు దారిలో బారీ గొంతు తగ్గించి, “ఎవ్వలకు చెప్పకురా” అన్నాడు.

సోమనర్సయ్య అతని పక్కకు జరిగాడు. “నాకు గూడ గిట్లనే అయింది బారీ. బోరు ఎండినప్పుడు. బాయికాడికి పోబుద్ధి గాలే, ఎవ్వలతోని మాట్లాడబుద్ధి గాలే.”

“మరి నాకన్న చెప్పొద్దా?”

“చెప్పనీకె నువ్వెప్పుడు ఖాళీగున్నవురా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. బారీ కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి.

ఇంట్లో చెబితే జహీరా ఏడుస్తుందనుకున్నాడు. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చుంది. “ఫరహత్ అబ్బా, నీకు నా మీద కోపమనుకున్న ఇన్నొద్దులు” అంది. ఫరహత్ వాళ్ల కూతురు. పెళ్లై ఘనపూర్‌లో ఉంటుంది. తండ్రి పడుతున్న అవస్థ ఆ పిల్లకు కూడా తెలియదు. ఆ సాయంత్రం బారీ తనే ఫోను చేసి చెప్పాడు.

కొద్ది రోజులకు సోమనర్సయ్య అతణ్ని కాలేజీ గ్రౌండుకు లాక్కుపోయాడు. అక్కడ సాయంత్రాలు వాలీబాల్ ఆడతారు. వయసులో ఉన్నప్పుడు నెట్టు దగ్గర నిలబడి బంతి లేపి ఇవ్వడంలో బారీది మంచి చెయ్యి. మొదటి రోజు బంతి అతని వేళ్లకు చిక్కలేదు. మోకాళ్లు నొప్పి పుట్టాయి. అయినా, ఆడుతున్నంతసేపూ ఒక్క మోటరైనా గుర్తుకు రాలేదని ఇంటికి వచ్చాక తట్టింది.

అసలు కష్టం షాపులో ఎదురైంది. ఒక సాయంత్రం షట్టరు దించుతుండగా వీరేందర్ అనే రైతు ట్రాలీలో మోటరు తెచ్చాడు.

“బారీ భాయ్, ఇయ్యాలనే గావాలె. తోట వాడిపోతున్నది.”

‘సరే’ అనే మాట బారీ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, “రేపు పొద్దుగాల మొదలు నీదే తమ్మీ. ఇప్పుడు అలసిపోయున్న. చుడితే తప్పు చుడత” అన్నాడు.

“గింత పొగరెప్పటి నుంచి?” అని వీరేందర్ అరిచాడు. మోటరు దింపకుండానే వేరే షాపుకు వెళ్లిపోయాడు.

బారీకి ఛాతీ మళ్లీ బిగుసుకుంది. షాపు మెట్టు మీద కూర్చున్నాడు. భయాన్ని తరిమేయాలని చూడలేదు. ఊపిరి మెల్లగా తీసి వదులుతూ, అది వచ్చి పోయేదాకా ఉన్నాడు. పోయింది. ఆ రోజు ఆట సరిగా సాగలేదు గానీ నిద్ర మాత్రం పట్టింది.

వీరేందర్ మళ్లీ ఆ షాపు గడప తొక్కలేదు. ఆ సంగతి బారీని కొంతకాలం గుచ్చింది. మిగతా రైతులు మెల్లగా అలవాటు పడ్డారు. ‘భాయ్ రేపంటే రేపే ఇస్తడు’ అని వాళ్లలో వాళ్లే చెప్పుకున్నారు. డాక్టరమ్మ రమ్మన్న రోజున బారీ ఆమె దగ్గరికి వెళ్లి వచ్చాడు. ఎక్కడికని బస్టాండులో ఎవరైనా అడిగితే దాచలేదు. ఇప్పటికీ ఎప్పుడైనా గుండె ఉలిక్కిపడుతుంది. అది తనకు కొత్త కాదు కాబట్టి పని ఆపి కాస్త కూర్చుంటాడు.

మొన్న తొలకరి వాన ఆట మధ్యలోనే అందుకుంది. ఎవరూ ఆగలేదు. బంతి కోసం ఉరికిన బారీ జారి, బురదలో బోర్లా పడ్డాడు. అందరూ పరుగున వచ్చేసరికి అతను పడుకునే నవ్వుతున్నాడు. ఇంటికి వచ్చిన అతని వాలకం చూసి జహీరా గుమ్మంలోనే ఆపేసింది. “ఇంకో అడుగు లోపలికి ఏసినవంటే చూడు” అని బెదిరించి, వాకిట్లో నిలబెట్టి బకెట్టెడు నీళ్లు గుమ్మరించింది. చల్లటి నీళ్లకు బారీ కెవ్వున అరిచాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, రెండో బకెట్టుకు నల్లా తిప్పింది.