ఆరో ఆటగత్తె కోసం వజ్రకరూరు చేలో ఒక రోజు

మా ఆయన ఆడపిల్లల కాలేజీలో వాలీబాల్ కోచ్. రెండు కాలేజీలు మారి మూడోదాంట్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ఈసారి రాయదుర్గం పోటీల్లో జట్టు ఆడకపోతే కోచ్ అవసరమే లేదని ప్రిన్సిపాల్ చెప్పేశాడు. జట్టు వెంట ఒక ఆడమనిషి ఉండాలని రూలు. రావాల్సిన మేడమ్‌కు ఇంట్లో పని పడింది. "నువ్వు వచ్చి ఊరికే కూర్చుంటే చాలు" అని నన్ను బతిమాలాడు. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఊరికే కూర్చోవడమే కదా అని ఒప్పుకున్నాను.

పొద్దున ఆరింటికి గుంతకల్లులో ఉరవకొండ బస్సెక్కాం. అక్కడ దిగి రాయదుర్గం బస్సు పట్టుకోవాలి. పన్నెండులోపు పోటీల దగ్గర హాజరు వేయించుకోవాలి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, కాబట్టి మా అందరిలో టికెట్ కొన్నది మా ఆయనొక్కడే. ఐదుగురు పిల్లలు మాతో ఉన్నారు. ఆరో పిల్ల రేణుక వజ్రకరూరులో ఎక్కాలి. స్టాపులో లేదు. ఫోన్ చేస్తే, "సార్, రాత్రి వానొచ్చినాది. మా అమ్మ నన్ను చేనికి పిల్చుకొచ్చినాది" అంది.

వాన కడిగిన మట్టిలో వజ్రం మెరుస్తుందని ఇక్కడ ఇంటిల్లిపాదీ చేలల్లో వెతుకుతారు. అందరం దిగిపోయాం. పిల్లల్ని స్టాపులో కూర్చోబెట్టి, మేమిద్దరం మనిషికి ఇరవై ఇచ్చి ఆటోలో చేను చేరాం. ఎర్రమట్టిలో జనం తలలు వంచుకుని నడుస్తున్నారు. రేణుక తల్లి ఓబులమ్మ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఏమప్పా కోచ్ సారూ, బాలు రేపైనా ఆడచ్చు. వానొచ్చిన మర్నాడు మళ్లా వస్తాదా?"

"అక్కా, ఐదుమందితో ఆడనియ్యరు. నా ఉద్యోగం పోతాది."

"ఈడ మావి నాలుగు కండ్లు. నువ్వు రెండు కండ్లు తీస్కపోతే నాకెవరిస్తారు?"

మా ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. "మా ఇంటామె ఉంటాదిలే అక్కా, పాప బదులు" అనేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. చొక్కా పట్టి లాగితే, "సాయంత్రానికి వస్తాంలే" అన్నాడు. మరి జట్టుకు ఆడతోడు ఎవరని నేను గొణిగాను. దానికీ ఓబులమ్మే దారి చూపింది. "మా అత్తకు కండ్లు సరిగా కనపడవు. ఈడుండి ఏం ఏరుతాది? ఆయమ్మను తీస్కపో."

గట్టు మీదున్న అవ్వ వెంటనే లేచింది. "కిటికీ పక్కన కూచోబెడితేనే వస్తా నాయనా."

అవ్వను, రేణుకను, మా ఆయనను ఎక్కించుకుని ఆటో వెళ్లిపోయింది. తోడుగా వచ్చిన నేను చేలో మిగిలాను. "ఎండకెదురుగా నడువు. మెరిసిందానికల్లా వంగద్దు, నడుము పోతాది" అని ఓబులమ్మ నేర్పింది. అయినా వంగాను, అన్నీ గాజు పెంకులే. పక్క చేలోని ఆమె, "ఏమ్మా, మొగుడు బాలాడతాండాడు, నువ్వు రాళ్లేరతాండావా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఎప్పుడు చూసినా మైదానంలో సున్నంతో గీతలు గీయడం, ఎవరి పిల్లనో పంపమని వాళ్ల నాయన కాళ్లావేళ్లా పడటం. పెళ్లయినప్పటి నుంచీ నేను చూస్తున్న ఉద్యోగం ఇదే.

మధ్యాహ్నం జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి పెడుతూ ఓబులమ్మ, "ఆ ఆటలో ఏముండాది?" అంది. నాకు వచ్చినట్టు చెప్పాను. "మీ పాప ఎగిరిందంటే ఎదురోళ్లు ఎనక్కి జరుగుతారు."

"మా పాపనా?" అని ఆమె చేతిలో రొట్టె అలాగే పట్టుకుని కూర్చుంది.

చీకటి పడే వేళకు వాళ్లు వచ్చారు. ఒక ఆట గెలిచి, రెండోది ఓడారు. ఈ ఏటికి కోచ్‌ను ఉంచుతామని ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడట. ఓబులమ్మ అదేమీ వినలేదు. "ఎట్లాడింది అత్తా?" అంది.

"నాకేం కనపడతాది? ఆడుండే జనమంతా మన రేణుక పేరే అరిసినారు" అంది అవ్వ.

ఓబులమ్మ కూతుర్ని ఎగాదిగా చూసింది. "మళ్లా ఆటుంటే ఈతూరి నేను పోతా. నువ్వే చేన్లో ఉండు పాపా" అంది నాతో.

"ఉంటాదిలే అక్కా" అన్నాడు మా ఆయన.

"ముందు నన్నడుగు!" అని అరిచాను. చేలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు.

కోచ్ పనంటే ఆట నేర్పడమే అనుకునేదాన్ని. సగం పని పిల్లల్ని ఇంటి నుంచి ఆట కోర్టు దాకా తేవడమేనని ఆ రోజు తెలిసింది. అది తెలిసినా నా నడుము నొప్పి తగ్గలేదు. వానలప్పుడు ఆ చేలకు వెళ్లేవాళ్లు గొడుగు, నీళ్లు తీసుకెళ్లండి, ఎక్కడా నీడ లేదు. ఎవరైనా జట్టుకు తోడుగా రమ్మంటే, మిమ్మల్ని ఎక్కడ దించుతారో ముందే అడిగి బస్సెక్కండి.