నల్లటి చారు

ఒక మనిషికి నల్లటి చారు పోసి పంపాలన్న ఆలోచన నాకు పోలండ్‌లో, ఒక చెక్క ఇంట్లో వచ్చింది. పోసింది మాత్రం సింగపూర్‌లో, హౌగాంగ్‌లోని మా ఫ్లాట్‌లో. మధ్యలో ఎనిమిది నెలలు గడిచాయి. కోపం రవ్వంతైనా తగ్గలేదు.

ఆయన మా టీమ్ లీడ్. మా కృష్ణా జిల్లా మనిషే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల్ని విమానాలెక్కించి దేశదేశాలకూ పంపుతున్న రోజులవి. నాలుగు నెలలు కూర్చుని నేను తయారుచేసిన డిజైన్‌ను క్లయింటు ముందు తనదని చెప్పుకున్నాడు. మొదటి పేజీలో ఆయన పేరొక్కటే ఉంది. నేను పక్కన కూర్చుని ప్రొజెక్టర్ వైరు సరిచేశాను. తర్వాత అడిగితే, "మనం మనం ఒకటేగా అమ్మా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఎదుటి మనిషి మొహం మీద కాదనడం నాకు చేతకాదు. మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఏది అడిగినా "చూద్దామండీ" అని తప్పుకునే వంశం మాది.

అదే డిజైన్‌ను అక్కడి టీమ్‌కు నేర్పడానికి మా ఇద్దర్నీ పోలండ్ పంపారు. ఆదివారం నాడు అక్కడి సహోద్యోగి ఒకతను ఊరి బయట మ్యూజియం చూపిస్తానన్నాడు. గాజు పెట్టెలుంటాయనుకున్నాను. తీరా చూస్తే అదొక పల్లె. ఎక్కడెక్కడి పాత ఇళ్ళనో దూలం దూలం ఊడదీసి తెచ్చి, పచ్చిక మధ్య మళ్ళీ నిలబెట్టారట. గడ్డి కప్పులు, నీలం కలిపిన సున్నం వేసిన గోడలు, నూతి దగ్గర అచ్చం మన ఏతమే. గుమ్మాలు ఎంత పొట్టివంటే నేనే వంగాల్సి వచ్చింది. మా లీడ్‌కు మొదటి ఇంట్లో నుదురు ఠపీమని తగిలింది. రెండో ఇంట్లోనూ తగిలింది. ముందే చూసి కూడా నేను చెప్పలేదు.

మూడో ఇంట్లో తలకు రుమాలు కట్టుకున్న పెద్దావిడ ఉంది. గదిలో సగం పొయ్యే. చలికాలం దాని మీదే పడుకునేవారని చూపించింది. తర్వాత బల్ల మీదున్న మట్టి గిన్నె చేతిలోకి తీసుకుని ఏదో చెప్పింది. సహోద్యోగి ఇంగ్లీషులో వివరించాడు. పూర్వం పిల్లనడగడానికి వచ్చినవాడు నచ్చకపోతే ఇంట్లోవాళ్ళు నోటితో కాదనేవారు కాదట. బాతు నెత్తురుతో కాచిన నల్లటి చారు తెచ్చి అతని ముందు పెట్టేవారట. అతను సంగతి గ్రహించి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాడట. లీడ్ నా పక్కనే నిలబడి, మీటింగుల్లో ఊపినట్టే తల ఊపాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ గిన్నెను మూడు ఫోటోలు తీసుకున్నాను.

ఎనిమిది నెలలకు ఆయన సొంత కంపెనీ పెట్టాడు. నా డిజైన్‌నే ఇంకో క్లయింటుకు చేసిపెడతానని మాటిచ్చేశాడు. చేయాల్సింది నేనట. ఉద్యోగం మానేసి వచ్చెయ్యమ్మా, ఆదివారం ఇంటికొచ్చి మాట్లాడతానని ఫోన్ చేశాడు. అలవాటు కొద్దీ, "భోజనానికే రండి సార్" అన్నాను.

"రానని ఫోన్లోనే చెప్పేయచ్చుగా" అన్నారు మావారు.

"ఫోన్లో చెబితే ఆయనకు తగలదు" అన్నాను.

బాతు నెత్తురు మా వంటింట్లో కుదరదు. నల్లటి చారంటే మాకు తెలిసింది ఉలవచారే. శనివారం లిటిల్ ఇండియా వెళ్ళి ఉలవలు తెచ్చి నానబోశాను. తెల్లారి ఉడికించి, ఆ నీళ్ళలో చింతపండు పులుసు పోసి మరిగించాను. ఇంకా నల్లబడాలని ఇంకాసేపు మరిగించాను. కక్షతో చేసిన ఆ వంట నా చేతిలో ఎప్పుడూ కుదరనంత బాగా కుదిరింది.

ఆయన వచ్చాడు. వడ్డించి, మొహం ఎప్పుడు మాడుతుందా అని ఎదురుగా కూర్చున్నాను.

"ఉలవచారే. ఎన్నేళ్ళయిందమ్మా" అన్నాడు ఆయన. మీగడ అడిగి వేయించుకున్నాడు. రెండోసారి పోయించుకున్నాడు. "నువ్వు నా మీద మనసులో ఏదో పెట్టుకున్నావని మా ఆవిడ అంటూనే ఉంది. అలాంటిదేం లేదని ఇవాళ తెలిసింది."

మా వైపు ఉలవచారు పెట్టడమంటే గొప్ప మర్యాద. ఇన్ని గంటలు పొయ్యి దగ్గర నిలబడి కూడా ఆ ముక్క నాకు తట్టలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"సార్, పోలండ్‌లో ఆ గిన్నె కథ గుర్తుందా?"

"ఏ గిన్నె?"

"అప్పుడు మీరు తల ఊపారు."

"నేను అన్నిటికీ ఊపుతానమ్మా" అని నవ్వాడు.

అప్పుడు కథంతా నేనే చెప్పాను, మొదటినుంచీ, తాపీగా. చారు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అంటే, రావా?"

"రాను." నా జీవితంలో ఒకరి మొహం మీద కాదనడం అదే మొదలు. ఎంతో హాయిగా అనిపించింది.

"ఎల్లుండే వాళ్ళకి డెమో చూపించాలమ్మా. అందులో సగం నాకు తెలీదు."

"చూపించండి సార్. మొదటి పేజీలో ఉన్నది మీ పేరే కదా."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, మిగిలిన చారంతా డబ్బాలో పోసి మూత బిగించాను. లిఫ్ట్ దాకా వెళ్ళి చేతికిచ్చాను.

"మేడమ్‌గారికి కూడా వడ్డించండి సార్. ఆవిడ అనుకున్నదే నిజమని చెప్పండి."