దేశాల మాటలు, మా బండ్ల మాటలు

మొన్న తార్నాక మెట్రో స్టేషన్ కింద జిరాక్సు దుకాణంలో నా బజ్జీల బండి గుర్తింపు కార్డుకు నకలు తీయించుకున్నాను. దుకాణం ఆయన మిషన్‌లోంచి వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే నా చేతిలో పెట్టాడు. అప్పుడే పెనం మీంచి తీసిన రొట్టెలా వెచ్చగా ఉంది. ఆ వేడి కాగితం వాసన ముక్కుకు తగలగానే నేను తార్నాకలో లేను, కరుణ మేడమ్ వంటింట్లో ఉన్నాను. వెనకాల నిలబడ్డాయన "అమ్మా, జర జరుగు, నా బస్సు పోతది" అని గదమాయిస్తే గాని ఈ లోకంలోకి రాలేదు.

మీరు మేడమ్‌ను చూసి ఉండరు. పొట్టి మనిషి. నేత చీర, సన్న గొలుసుకు చిన్న శిలువ, ఎప్పుడూ ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. గుంటూరు వైపు నుంచి వచ్చి యూనివర్సిటీ క్యాంపస్‌లో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. నేను పొద్దున ఆమె ఫ్లాట్‌లో వంట చేసి, సాయంత్రం క్యాంపస్ గోడ పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టుకునేదాన్ని. ఆ ఇంట్లో సోఫా మీద కాగితాలు, టీవీ మీద కాగితాలు, ఆఖరికి బియ్యం డబ్బా మూత మీద కూడా కాగితాలే. ప్రింటర్ నుంచి అప్పుడే దిగినవి వెచ్చవెచ్చగా ఉండేవి. యుద్ధమొస్తే ఏం చేద్దామని దేశాలు ఒకదానితో ఒకటి సంతకాలు పెట్టుకున్న పాత ఒప్పందాలట అవి. "ఇన్ని కాయితాలతోని ఏం జేస్తరు మేడమ్?" అని అడిగాను. "ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారో పట్టిక వేస్తున్నాం. నువ్వు కందిపప్పు ఒక డబ్బాలో, పెసరపప్పు ఒక డబ్బాలో పోస్తావు చూడు, అట్లా" అన్నారు.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ పప్పుల డబ్బాల పేరెత్తాక ఊరుకుంటానా? ఆ డబ్బాలేవో చెప్పేదాకా వదల్లేదు. మేడమ్ నా పక్కన పీట మీద కూర్చుని వెల్లుల్లి వొలుస్తూ చెప్పారు. "నీ మీదికి ఎవరైనా వస్తే నీ పక్కన నిలబడి కొట్లాడతాను అనడం ఒకటి. నువ్వే ఎవరి మీదికైనా వెళ్తే నేనూ వస్తాను అనడం ఇంకొకటి. నీకు ఎవరితోనో గొడవైతే వాళ్లతో కలవను, నా గుమ్మంలో నేనుంటాను అనడం వేరే. నీ మీద నేను చెయ్యెత్తను అనడం వేరే. ఇవేవీ కాకుండా, గొడవొస్తే ముందు నీతో కూర్చుని మాట్లాడతాను అనేది ఇంకో రకం."

"మాట్లాడుడు గూడ ఒక మాటేనా మేడమ్?"

"మాటే. సంతకం పెట్టారుగా!"

ఆమె పని చేయించే పద్ధతి చూస్తే నాకు నవ్వొచ్చేది. శ్రావణి, ప్రవీణ్ అని ఇద్దరు పిల్లలు పరిశోధన చేసేందుకు వచ్చేవాళ్లు. ఒకే ఒప్పందాన్ని ఇద్దరికీ ఇచ్చి ఒకరిని బాల్కనీలో, ఒకరిని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. ఇద్దరూ విడివిడిగా చదివి, ఏ డబ్బాలో వేయాలో విడివిడిగా రాయాలి. అదయ్యేదాకా మాట్లాడుకోకూడదు. తర్వాతే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో చూసేవారు. ఇద్దరికీ చాయ్ ఇచ్చేది నేనే. ఒకరోజు ప్రవీణ్ గుసగుసగా, "యాదమ్మక్కా, గామె ఏం రాసిందో జర చూసి చెప్పవా?" అన్నాడు. "నేను చాయ్ మోస్త గని కబుర్లు మొయ్య బిడ్డా" అన్నాను. లోపలి గదిలోంచి మేడమ్ నవ్వు వినిపించింది.

ఆ రోజే శ్రావణి తప్పులో కాలేసింది. ఒప్పందం పేరు 'స్నేహం, పరస్పర సహాయం'. అది చూసి కలిసి కొట్లాడే డబ్బాలో వేసేసింది. మేడమ్ కోప్పడలేదు. "నెత్తి మీద రాసింది కాదమ్మా, కడుపులో ఉన్నది చూడు. ఎవరొస్తారని ఉంది? వచ్చి ఏం చేస్తారని ఉంది?" అన్నారు. శ్రావణి మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివి, "సంప్రదించుకుంటమని మాత్రమే ఉన్నది మేడమ్" అంది. "వాళ్లు దోస్తులని లోకమంతా అంటది గద" అని ప్రవీణ్ అడ్డుపడ్డాడు. "లోకం అన్నది మన పట్టికలో రాయం" అన్నారు మేడమ్. ఆ పాఠం నాకూ తగులుతుందని అప్పుడు తెలియదు.

మా బండ్ల వరుసలో మేం ముగ్గురం. నాది బజ్జీల బండి. పక్కన రహీమా ఆపా చాయ్ బండి, ఆ పక్కన సత్తెమ్మ మొక్కజొన్న కంకుల బండి. హాస్టల్ పిల్లలు మలుపు తిరగగానే ముందు తగిలేది నా బండే. మా ఇంటి కిరాయి, నా బిడ్డ నర్సింగు చదువు ఆ మలుపు మీదే నడిచేవి. బండి పోతే ఇంకొకటి చేయించుకోవచ్చు. జాగా పోతే బండి ఉన్నా లేనట్టే. రోడ్డు పని మొదలవుతుందని, మున్సిపాలిటీ వాళ్లు లారీ తెచ్చి బండ్లు తీసేస్తారని పుకారు పుట్టింది. మేం ముగ్గురం చేతిలో చెయ్యేసుకుని, ఒకరికి ఒకరం ఉన్నామని అనుకున్నాం. మర్నాడు మేడమ్‌కు గొప్పగా చెప్పాను. "మాకు గూడ ఒప్పందం అయింది మేడమ్!"

మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "మంచిది. మరి నీ బండి తీసుకుపోతుంటే రహీమా ఉండి ఏం చేస్తుంది?"

"ఉంటది."

"ఉండి? లారీకి అడ్డం నిలబడుతుందా? నీ సామాను మోస్తుందా? నీ జాగాలోకి తను జరక్కుండా ఉంటుందా?"

నాకు మనసులో మంట లేచింది. మనుషుల మధ్య మాటను కూడా ఈమె డబ్బాల్లో పోస్తుందేమిటని గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను. కానీ ప్రశ్న గిన్నెలతో పాటు కడుక్కుపోలేదు. సాయంత్రం పిండి కలుపుతూ ఇద్దరినీ అడిగేశాను. సత్తెమ్మ ఒక్క క్షణం ఆలోచించకుండా, "లారీ కింద పండుకుంట గని నీ బండి పోనిస్తనా?" అంది. రహీమా ఆపా చాయ్ వడగట్టడం ఆపింది. "చూడు యాదమ్మా, అడ్డం నిలవడుడు నాతోని కాదు. కేసైతే మా ఇంట్ల ఊకోరు. గని నీ జాగల వేరేటోళ్లను నిలవడనియ్య. అది నా జబాన్." నాకు ఆ మాట చప్పగా అనిపించింది. ఇన్నేళ్ల పక్కబండి స్నేహానికి ఇంతేనా అనుకున్నాను.

లారీ వచ్చిన రోజు సత్తెమ్మ లేదు. ఊరి నుంచి వచ్చే చుట్టాలను తీసుకురావడానికి కాచిగూడ స్టేషన్‌కు పోయింది, ఆ రోజు బండే పెట్టలేదు. లారీని చూడగానే ఆపా తన బండిని హాస్టల్ సందులోకి తోసుకుంది. నా బండి, మూకుడు, స్టవ్వు ఎక్కించేస్తుంటే నేను నెత్తి కొట్టుకున్నాను. ఆపా అడ్డం రాలేదు. లారీ మలుపు తిరిగిపోయాక తన చెక్క బెంచీని ఒక్కతే ఈడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా నా బండి చక్రాల గుర్తుల మీద వేసి కూర్చుంది. "ఇగ పో. నీ బండి ఇడిపించుకొని రా" అంది.

ఆఫీసుల చుట్టూ తిరిగి బండి విడిపించుకునేసరికి రోడ్డు పని కూడా అయిపోయి, మిగతా బండ్లు తిరిగి వచ్చేశాయి. ఈలోగా ఆ మలుపు కోసం ఎంతమంది వచ్చారని! పానీపూరీ ఆయన వచ్చాడు, చెరుకు రసం ఆయన మిషన్‌తో సహా వచ్చాడు. "ఖాళీగనే ఉన్నది గద ఆపా" అంటే, "నేను కూసున్నది కనవడ్తలేదా భాయ్? గిది యాదమ్మ జాగా" అనేదట. పొయ్యి మీద చాయ్ పొంగుతున్నా బెంచీ వదల్లేదట. నేను బండి తోసుకుని వచ్చిన సాయంత్రం లేచి, బెంచీ దులిపి, "తీస్కో. నడుము పట్టింది నీ జాగతోని" అంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం, నవ్వాం.

మర్నాడు మేడమ్‌కు అంతా చెప్పి, సత్తెమ్మను నాలుగు తిట్టాను. మేడమ్ ఆపారు. "మాట ఏమిచ్చారన్నది ఒక పట్టిక. నిలబెట్టుకున్నారా లేదా అన్నది వేరే పట్టిక. రెండూ కలిపేస్తే ఏదీ సరిగ్గా కనపడదు. ఆ రోజు ఆమె స్టేషన్లో ఉంది. ఉంటే ఏం చేసేదో నీకు తెలీదు, నాకూ తెలీదు." మళ్లీ తనే, "చిన్నమాట ఇచ్చిందని రహీమా మీద అలిగావు చూడు, అది మాత్రం మళ్లీ చెయ్యకు" అన్నారు. సత్తెమ్మతో మాట్లాడటం నేను మానలేదు. ఇప్పటికీ ఆమె కాల్చిన కంకి తినందే నాకు సాయంత్రం కాదు.

ఉద్యోగం అయిపోయాక మేడమ్ గుంటూరులో చెల్లెలి దగ్గరికి బయల్దేరారు. కాగితాలన్నీ శ్రావణి, ప్రవీణ్ క్యాంపస్‌కు మోసుకుపోయారు. ఖాళీ అయిన గదిలో నిలబడి, "మల్ల వస్తరు గద మేడమ్?" అని అడిగాను. ఇంకెవరైనా అయితే తప్పకుండా వస్తామనేవాళ్లు. ఆమె ఆలోచించారు. "వస్తానని అనను యాదమ్మా. మోకాళ్లు నా మాట వినవు. నువ్వు ఫోన్ చేస్తే మాత్రం ఎత్తుతాను." నేను ఈసారి అలగలేదు. ఆపా బెంచీ చూసినదాన్ని కదా.

ఎత్తారు. చర్చి మెట్ల మీద ఉన్నా, జ్వరంలో ఉన్నా ఎత్తారు. నా బిడ్డకు నర్సు ఉద్యోగం వచ్చిన రోజున ఎత్తి, నేను ఏడ్చినంతసేపూ విన్నారు. ఒకరోజు మాత్రం వేరే గొంతు ఎత్తింది. "యాదమ్మగారా? నేను చెల్లెల్నండి. అక్క వెళ్లిపోయిందమ్మా, నిన్న మట్టి చేశాం. ఫోన్‌లో మీ పేరొస్తే ఎవరో ఒకరు ఎత్తాలని ముందే చెప్పి పెట్టింది." ఆమె ఇప్పటికీ ఎత్తుతుంది.

జిరాక్సు తీసుకుని మలుపు దగ్గరికి వచ్చేసరికి, మా వరుసలో కొత్తగా జామకాయల బండి పెట్టిన అనిత ఎదురొచ్చింది. మళ్లీ లారీ వస్తుందని ఎవరో భయపెట్టారట. "అక్కా, నాకు నువ్వున్నవ్ గద?" అంది. ఉన్నానని అనేయడం ఎంతసేపు! నేను కాగితం మడిచి రొండిన దోపుకుని, ఏం చేయగలనో ఆలోచించుకున్నాను.

"లారీని ఆపుడు నాతోని కాదు బిడ్డా. గని నువ్వు తిరిగొచ్చేదాక నీ జాగల బెంచీ ఏసుకొని కూసుంట" అన్నాను.

అనిత మొహం కాస్త చిన్నబోయింది. పక్కబండి దగ్గర చాయ్ వడగడుతున్న రహీమా ఆపా తలెత్తకుండానే అంది, "బెంచీ నాదే. గట్టిగున్నది."