రెండు రోజుల హైదరాబాదు

నాకు ప్లాను వెయ్యడం రాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. మిరప కోతకి ముప్పై మంది కూలోళ్లని మాట్లాడి, తెల్లారేసరికి చేలో నిలబెట్టిన మనిషిని. మా మరిది పెళ్లికి ఐదొందల మంది భోజనాలు దగ్గరుండి చూసినదాన్ని, ఒక్క విస్తరి తక్కువ పడలేదు. అట్టాంటి నాకు రెండు రోజుల హైదరాబాదు ఓ పెద్ద పనా అనుకున్నా.

మాది కారంపూడి. మిరప వేస్తాం, బజార్లో ఎరువుల కొట్టుంది. కొట్లో పొద్దున మా ఆయన కూర్చుంటే మధ్యాహ్నం నేను కూర్చుంటా. మా ఒక్కగానొక్క పిల్ల ఆ ఏడు పదో తరగతి పరీక్షలు రాసింది. ఇంకో మూడు వారాల్లో గుంటూరు తీసుకెళ్లి ఇంటర్‌కి హాస్టల్లో చేర్చాలి. హాస్టళ్ల సంగతి మా వైపు ఎవర్నడిగినా చెప్తారు. తెల్లారుజామున ఒక బెల్లు, పడుకోబోయే ముందు ఒక బెల్లు, మధ్యలో ఎప్పుడు తినాలో, ఎప్పుడు తల దువ్వుకోవాలో కూడా వాళ్లే చెప్తారు. పిల్ల మొహం చూస్తే నాకు జాలేసింది. "పోయేలోపు నీకేం కావాలో అడగవే" అన్నా.

ఫోను అడుగుద్దనుకున్నా. అడగలేదు. "రెండు రోజులు హైదరాబాదు తీసుకెళ్లు. మనిద్దరమే. ఎక్కడికి పోవాలో, ఏం చూడాలో అంతా నేను చెప్తా. నువ్వు ఊరికే నా వెంట రావాలి" అంది.

"ఓస్, ఇంతేనా! ప్లాను నీది, నడక నాది. నోరెత్తితే నన్నడుగు" అన్నా. పురుగుమందుల కంపెనీ వాళ్లు ఏటా ఇచ్చే డైరీ ఒకటి కొట్లో ఉంటే, దుమ్ము దులిపి దాని చేతిలో పెట్టా.

ఇంక చూడాలి దాని సంబరం. రోజూ మధ్యాహ్నం నా పక్కన స్టూలేసుకుని కూర్చోవడం, నా ఫోన్లో మెట్రో లైన్లు చూడటం, డైరీలో రాసుకోవడం. గోల్కొండకి పొద్దున్నే ఎండ ముదరకముందే పోవాలంట. చార్మినార్ దగ్గర ఒక చోట టీ, బిస్కెట్లు తినాలంట. మధ్యలో నన్ను ప్రశ్నలు.

"అమ్మా, చార్మినార్ పైకెక్కనిస్తారా?"

"ఏమోనే."

"గోల్కొండకి ఎన్ని మెట్లు?"

"నాకేం తెలుసు?"

"నువ్వు హైదరాబాదు ఎన్నిసార్లు పోయావ్?"

"ఇరవైసార్లు పోయుంటా."

"మరి ఏం చూశావ్?"

ఆలోచించా. రెండు పెళ్లిళ్లు, నాలుగు గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, ఒకసారి మా మామగారి గుండె ఆపరేషను. "నిజాంపేటలో ఏ అపార్టుమెంటుకి లిఫ్టు పనిచెయ్యదో అడుగు, చెప్తా" అన్నా. పిల్ల స్టూలు మీంచి కింద పడబోయి నా చీర పట్టుకుంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. యూరియా కోసం వచ్చిన రైతు మమ్మల్ని చూసి, "ఏందమ్మా, రేటేమన్నా తగ్గిందా?" అన్నాడు.

అట్టా ఉండగా నేను చెయ్యకూడని తప్పు చేశా. మా ఆడపడుచు, అంటే మా ఆయన అక్క, నిజాంపేటలోనే ఉంటది. ఓ సాయంత్రం మామూలుగా ఫోన్ చేస్తే, మాటల్లో "వచ్చే వారం మీ ఊరొస్తున్నాం వదినా" అని నోరు జారా.

"వస్తున్నాం ఏంది, మా ఇంట్లోనే దిగాలి" అంది.

"ఇంకెక్కడ దిగుతాం వదినా" అన్నా. మా వాళ్లల్లో ఆ మాట అడగడమే గానీ, దానికి ఇంకో జవాబు ఉండదు.

అంతే. తెల్లారేసరికి వరసబెట్టి ఫోన్లు. మా చిన్నాన్న కొడుకు కూకట్‌పల్లి నించి, "మొదటి రోజు భోజనం మా ఇంట్లో అక్కా, నాటుకోడి చెప్పేశా" అన్నాడు. మియాపూర్‌లో తోడికోడలి చెల్లెలు టిఫినుకి పిలిచింది. మా ఆడపడుచు వియ్యంకులు, "ఊరినించి వచ్చి మా గడప తొక్కకుండా పోతారా" అని నిష్ఠూరమాడారు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల గర్వంగానే ఉంది. మనకి ఇంతమంది ఉన్నారు, మనమంటే ఇంత అభిమానం అని పొంగిపోయా. ఊరినించి పోతూ ఉత్త చేతుల్తో పోతామా? ఇంటికి రెండు కేజీల చొప్పున కారం పట్టించా. గోంగూర పచ్చడి పెట్టా. ఎవరింటికి ఏ పూట అన్నది మర్చిపోకుండా పిల్ల డైరీలోనే, దాని రాతల పక్కనే రాసుకున్నా. చోటు చాలకపోతే గోల్కొండ మీద ఒక అడ్డగీత గీశా.

మధ్యాహ్నం పిల్ల కొట్లోకి వచ్చి డైరీ తెరిచింది. ఒక పేజీ చూసింది, రెండో పేజీ చూసింది.

"చార్మినార్ ఎప్పుడు?" అంది.

"దారిలో వస్తే చూద్దాంలే."

"నిజాంపేట నించి మియాపూర్ పోయే దారిలో చార్మినార్ రాదమ్మా."

"అబ్బబ్బ, అదెక్కడికి పోద్దే! నాలుగొందల ఏళ్లుగా అక్కడే ఉంది, ఇంకోసారి పోయినా ఉంటది. చుట్టాలు అట్టా కాదు, ఒకసారి మొహం తిప్పుకున్నారంటే మళ్లీ తిరగరు" అన్నా.

డైరీ మూసి బల్ల మీద పెట్టింది. "నేను రాను. నువ్వు పోయిరా" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమే, పొగరా? నీ కోసం కొట్టు రెండు రోజులు వదిలేసి వస్తుంటే, నీకు చుట్టాలు చేదయ్యారా?" అని బజారుకంతా వినపడేట్టు అరిచా. పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఇంకో నాలుగు తిట్టి నా పని నేను చూసుకునేదాన్ని.

"హాస్టల్లో రెండేళ్లు వేరే వాళ్లు రాసిన టైం టేబులే కదమ్మా" అంది. "ఈ రెండు రోజులైనా నేను రాసుకుందామనుకున్నా. అవి కూడా నువ్వే రాసేశావ్."

చెప్పులేసుకుని ఇంటికెళ్లిపోయింది. నేను డైరీ తీసి చూశా. గోల్కొండ అని ముత్యాల్లాగా రాసుకుంది. కింద ఎక్కడ మొదలుపెట్టాలో, మంచినీళ్లు ఎన్ని సీసాలు మొయ్యాలో కూడా రాసుకుంది. దాని మీద అడ్డంగా నా గీత. నా మీద నాకే అసహ్యం వేసింది. తర్వాత ఎవరో వచ్చి జింకు అడిగితే గంధకం ప్యాకెట్టు తీసిచ్చా. ఆయన మంచోడు కాబట్టి చూసుకుని, వెనక్కిచ్చి సరైంది తీసుకున్నాడు.

ఆ పూట అన్నం పెడుతూ మా ఆయనకి చెప్పా. "మీ అక్కగారింట్లో దిగట్లేదు. ఎవరింటికీ పోవట్లేదు. నాంపల్లిలో రూము తీసుకుంటాం."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "చుట్టాలుండి లాడ్జీలో దిగడమేంది? పోట్లాడుకున్నారనుకుంటారు. ఊళ్లో మొహం ఎట్టా చూపిస్తాం?"

"మొహం నాది, నేను చూపించుకుంటా."

"అక్కకి నువ్వే చెప్పుకో అయితే."

"నేనే చెప్తా. ఎప్పుడు మీరు చెప్పారు గనక!"

ఆ ఫోను చెయ్యడానికి పెరట్లోకి పోయా. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె మాట కాదన్నది లేదు. మంచి మనిషి. మామగారి ఆపరేషనప్పుడు పన్నెండు రోజులు మా అందరికీ వండి హాస్పిటలుకి క్యారేజీలు మోసింది. ఆమెని బాధపెట్టాలని నాకెందుకుంటది? అయినా చెప్పా.

"ఏందీ! నేను బతికుండగా నా తమ్ముడి పెళ్లాం, నా తమ్ముడి కూతురు లాడ్జీలోనా?" అంది.

"తప్పు నాదే వదినా. పిల్లకి ముందు మాటిచ్చి, మళ్లీ మీకూ ఇచ్చా. ముందిచ్చిన మాట నిలబెట్టుకోవాలి గదా."

"నాలుగిళ్ల వాళ్లకి చెప్పుకున్నా నేను. ఇప్పుడు వాళ్లకేం చెప్పను?"

"మరదలు పొగరుబోతుదని చెప్పండి. తప్పంతా నా మీదికి నెట్టండి, నేను కాదనను."

ఫోను పెట్టేసింది. తర్వాత ఆరు నెలలు మాట్లాడలేదు. పట్టించిన కారం మాత్రం పార్సిలు వేశా, అది తీసుకుంది. ఇప్పుడు మాట్లాడుతుంది గానీ, నలుగురు కూడిన చోట "మా మరదలు లాడ్జీ మనిషి" అని ఒక మాట అనకుండా వదలదు. అననీ. మాట పడాల్సొస్తదని తెలిసే కదా ఆ రోజు నేను ఫోన్ చేసింది.

పెరట్లోంచి లోపలికొచ్చి డైరీలో నా రాతలున్న పేజీలు రెండూ చింపి, పిల్ల ముందు పెట్టా. "మళ్లీ మొదట్నించీ రాసుకో. ఈసారి ఎవరన్నా వేలు పెడితే విరగ్గొట్టు, నాదైనా సరే" అన్నా. అది కాసేపు బెట్టు చేసింది. తర్వాత పెన్ను వెతుక్కుంది. రూము కూడా అదే చూసింది. ఆడవాళ్లు దిగడానికి బాగుందని నెట్‌లో నలుగురు రాస్తేనే ఖాయం చేసింది.

బయల్దేరే రోజు పొద్దున బస్టాండులో మా వీధి పిన్ని కనపడింది. "ఏందమ్మాయ్, ఆడపడుచుతో మాటల్లేవంటగా?" అంది. ఊళ్లో ఇంటర్నెట్టు కంటే పిన్ని వేగం ఎక్కువ. "మాటలున్నయ్ పిన్నీ, తీరికే లేదు" అని బస్సెక్కేశా. పిల్ల కిటికీ సీటు నాకిచ్చింది. ఎందుకని అడిగితే, "ప్లానులో అట్టానే ఉంది" అంది.

మాచర్ల దాటాక డైరీ తీసి నాకు అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఏ గంటకి ఎక్కడ, ఏ స్టేషన్లో ఎక్కాలి, ఎక్కడ దిగాలి, కాళ్లు నొప్పులు పుడితే కూర్చోడానికి ఎంతసేపు. నేను చేలో కూలోళ్లకి కూడా ఇంత వివరంగా చెప్పి ఉండను. పిల్లని చూస్తే కడుపు నిండిపోయింది. అంతా విన్నాక ఒక చోట ఖాళీ కనపడింది. రెండో రోజు సాయంత్రం నాలుగు నించి ఆరు దాకా గడి గీసి ఉంది, లోపల రాత లేదు.

"ఇక్కడ మర్చిపోయావేందే?"

"మర్చిపోలేదు. అది నీది. నువ్వేం చూడాలనుకుంటున్నావో చెప్పు, రాస్తా."

"ఓస్, దానికేముంది! నాన్నకి మంచి చెప్పులు తేవాలి, బజారుకి పోదాం."

"అది నాన్నకి."

"నాయనమ్మకి మోకాళ్ల పట్టీలు..."

"అది నాయనమ్మకి. నీకమ్మా, నీకేం చూడాలనుంది?"

వంద పనులు నోటికి అప్పజెప్పే మనిషిని, ఇంటిల్లిపాదికీ ఎవరికేం కావాలో నిద్రలో అడిగినా చెప్తా. నాకేం కావాలంటే మాత్రం తెలియలేదు. సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపమొస్తది. "ఇదేం పరీక్షే! నాకేం వద్దులే, నువ్వే ఏదో ఒకటి రాసుకో" అన్నా.

"నేను రాయను. నీ రెండు గంటలు నేనెందుకు రాస్తా?" అంది. పెన్ను పట్టుకుని అట్టానే కూర్చుంది.

బస్సు విజయపురి సౌత్‌లో ఆగింది. రోడ్డు పక్కన లాంచీ స్టేషను బోర్డు. జనం పిల్లల్ని చేతులు పట్టుకుని నీళ్లవైపు పోతున్నారు. కిటికీలోంచి చూస్తూ అడిగా, "సాగర్‌కి ఎన్నిసార్లొచ్చామే మనం?"

"చానాసార్లు."

"నేను లాంచీ ఎక్కడం ఎప్పుడన్నా చూశావా?"

"లేదు" అంది వెంటనే. "నువ్వు సామాను దగ్గరుంటావ్‌గా."

ఎంత మామూలుగా అందో! నిజమే. చిన్నప్పుడు మా పుట్టింటి ఊరు ఈపూరు నించి స్కూలు పిల్లలందరితో వచ్చినప్పుడు చంకలో మా తమ్ముడున్నాడని గట్టున కూర్చోబెట్టారు. పెళ్లయ్యాక వస్తే మా అత్తగారికి నీళ్లంటే భయం, ఆమెకి తోడుగా ఉన్నా. తర్వాత వచ్చిన ప్రతిసారీ సంచులు, క్యారేజీలు, పాతిక జతల చెప్పులు, వాటికి ఎవరో ఒకరుండాలి. ఆ ఒకరు ఎవరని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగినయ్. తుడుచుకోలేదు.

పిల్లకి తను అన్న మాటేందో అప్పుడు తెలిసినట్టుంది. నా చెయ్యి పట్టుకుంది.

"నాకు పడవెక్కాలనుందే" అన్నా.

"హుస్సేన్‌సాగర్‌లో ఉన్నయ్" అంది. నాలుగు నించి ఆరు, అమ్మ, పడవ అని రాసింది. రాసి, "కానీ అది అరగంటే తిప్పుతారమ్మా. మిగతా టైమేం చేద్దాం?" అంది.

"నాలుగుసార్లు ఎక్కుతా, రాయి" అన్నా.